గాలి నుండి గింజ

నాట్లు ముగిసి పైరు నిలదొక్కుకొనే వేళ మన పల్లెల్లో ఏ పొలంగట్టున చూచినా యూరియా బస్తా కనిపిస్తుంది. రైతు తెల్లని పలుకులను గుప్పెటతో తీసి మడి అంతటా చల్లుతాడు. కొద్ది దినాలకే పైరు ముదురాకుపచ్చని వన్నె తిరుగుతుంది. ఆ పలుకులలో ఉన్న నత్రజని ఏ గనిలో నుండో త్రవ్వి తీసినది కాదు. మనం నిత్యం పీల్చి విడిచే గాలి నుండి గ్రహించినది. గాలిలో నూటికి 78 పాళ్లు నత్రజనియే. అయినా ఆ నత్రజనిని మొక్క నేరుగా గ్రహించలేదు. సముద్రం నడుమ దాహంతో అలమటించే నావికుని వంటిది మొక్క స్థితి. ఈ చిక్కును విప్పి, గాలిలోని నత్రజనిని పైరుకు ఆహారంగా మార్చే మార్గాన్ని కనుగొన్న రసాయన శాస్త్రవేత్త ఫ్రిట్జ్ హేబర్. మానవాళికి అన్నం పెట్టిన ఆ మేధయే విషవాయువును యుద్ధభూమికి చేర్చింది. అందువల్ల ఆయన జీవితం కేవలం విజయగాథ కాదు. అది మనలను ఆలోచింపజేసే చరిత్ర.

హేబర్ 1868 డిసెంబరు 9న ప్రష్యా రాజ్యంలోని బ్రెస్లౌ నగరంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. ఆ నగరం నేడు పోలండులో వ్రోత్స్వాఫ్ అనే పేరుతో ఉంది. తండ్రి సీగ్‌ఫ్రీడ్ హేబర్ రంగుల వర్తకుడు. బిడ్డ పుట్టిన కొద్ది వారాలకే తల్లి పౌలా కన్నుమూసింది. తల్లి ఒడి ఎరుగని ఆ బాలుడు చదువునే ఆశ్రయంగా చేసుకొన్నాడు. బెర్లిన్, హైడల్‌బర్గ్ నగరాలలో రసాయన శాస్త్రం అభ్యసించి 1891లో బెర్లిన్‌లో డాక్టరేట్ పట్టం పొందాడు. ఆనాటి జర్మనీలో యూదులకు విశ్వవిద్యాలయ పదవులు దక్కడం దుర్లభం. 1892లో హేబర్ క్రైస్తవ మతం స్వీకరించాడు. తాను ముందుగా జర్మన్ పౌరుడననీ, ఆ తరువాతనే మరేదైనాననీ ఆయన నమ్మకం. ఆ నమ్మకమే ఆయన ఉన్నతికీ, చివరకు ఆయన దుఃఖానికీ కారణమైంది.

1894లో కార్ల్స్‌రూ నగరంలోని సాంకేతిక విద్యాలయంలో సహాయకుడుగా చేరిన హేబర్ అచట 17 సంవత్సరాలు పనిచేశాడు. 1901లో క్లారా ఇమ్మర్‌వార్‌ను వివాహమాడాడు. ఆమె బ్రెస్లౌ విశ్వవిద్యాలయం నుండి రసాయన శాస్త్రంలో డాక్టరేట్ పొందిన విదుషి. ఆ విశ్వవిద్యాలయంలో అంతటి పట్టం పొందిన తొలి మహిళ ఆమెయే. వివాహానంతరం ఆమె ప్రయోగశాలకు క్రమంగా దూరమైంది. భర్త కీర్తి పెరిగిన కొలదీ ఆమె విద్య గృహకృత్యాలలో మరుగున పడింది.

ఆ కాలంలో ఐరోపాను ఒక భయం వెన్నాడుతూ ఉండేది. జనాభా పెరుగుతోంది, నేల సారం తరుగుతోంది. పొలాలకు కావలసిన నత్రజని ప్రధానంగా దక్షిణ అమెరికాలోని చిలీ దేశపు ఎడారి నుండి, నైట్రేటు లవణం రూపంలో, ఓడలపై వచ్చేది. ఆ నిక్షేపాలు తరిగిపోతే గోధుమ పంట ఏమవుతుందని 1898లో ఆంగ్ల శాస్త్రవేత్త విలియం క్రూక్స్ బ్రిస్టల్ నగరంలో జరిగిన శాస్త్రజ్ఞుల సభలో హెచ్చరించాడు. ఆకలిని తప్పించే భారం రసాయన శాస్త్రజ్ఞులదేనని ఆయన సూచించాడు. గాలిలోని నత్రజనిని ఉదజనితో కలిపి అమ్మోనియాగా మార్చగలిగితే సమస్య తీరుతుంది. కాని ఎందరు ప్రయత్నించినా అది సాధ్యం కాలేదు.

ఎందుకు సాధ్యం కాలేదో తెలియాలంటే సమతాస్థితి అనే భావాన్ని గ్రహించాలి. ఒక చెరువును ఊహించండి. వాగు నుండి నీరు వచ్చి చేరుతూ ఉంటుంది. తూము ద్వారా అంతే నీరు వెలుపలికి పోతూ ఉంటుంది. చూచేవారికి నీటిమట్టం కదలక నిలిచినట్లే ఉంటుంది. కాని లోపల ప్రవాహం ఆగలేదు. రసాయన చర్యలోనూ ఇంతే. నత్రజని, ఉదజని కలిసి అమ్మోనియాగా మారుతూ ఉంటే, ఏర్పడిన అమ్మోనియా తిరిగి ఆ రెండు వాయువులుగా విడిపోతూ ఉంటుంది. ఈ రెండు చర్యల వేగం సమానమైనప్పుడు వాయువుల గాఢతలు మారకుండా నిలుస్తాయి. అదే సమతాస్థితి. అప్పుడు పాత్రలో అమ్మోనియా ఎంత ఉంటుందన్నది మన ఇచ్ఛపై ఆధారపడదు. ఉష్ణోగ్రత, పీడనం, తీసుకొన్న వాయువుల నిష్పత్తి దానిని నిర్ణయిస్తాయి.

ఈ లెక్కకు మూలమైన ద్రవ్యరాశి క్రియా నియమాన్ని నార్వే దేశీయులైన గుల్డ్‌బర్గ్, వాగే 1864లోనే ప్రతిపాదించారు. దానిని అమ్మోనియా చర్యకు అన్వయిస్తే ఇట్లా ఉంటుంది. సమతాస్థితిలో అమ్మోనియా పాక్షిక పీడనపు వర్గాన్ని, నత్రజని పాక్షిక పీడనం, ఉదజని పాక్షిక పీడనపు ఘనం అనే రెండింటి లబ్ధంతో భాగించాలి. వచ్చిన విలువ ఒక నిర్దిష్ట ఉష్ణోగ్రత వద్ద మారదు. దానినే సమతాస్థితి స్థిరాంకం అంటారు. ఒక మోల్ నత్రజని, మూడు మోల్‌ల ఉదజని తీసుకొన్నామనుకోండి. నత్రజనిలో ‘ఎక్స్’ మోల్‌లు చర్య పొందితే, మిగిలే నత్రజని ఒకటి నుండి ఎక్స్ తీసివేయగా వచ్చినంత. మిగిలే ఉదజని దానికి మూడు రెట్లు. ఏర్పడే అమ్మోనియా రెండు ఎక్స్‌లు. మొత్తం మోల్‌లు నాలుగు నుండి రెండు ఎక్స్‌లు తీసివేయగా వచ్చినన్ని. ఈ విలువలను స్థిరాంకపు సూత్రంలో నిలిపితే ఎక్స్ తెలుస్తుంది. ఎక్స్ తెలిస్తే ప్రతి వాయువు గాఢత తెలుస్తుంది. నేడు తరగతి గదిలో విద్యార్థి పది నిమిషాలలో ముగించే లెక్క ఇది. కాని ఆ స్థిరాంకం విలువ ఎంత? దానిని ప్రయోగం ద్వారా కొలిచి చెప్పినవారు అప్పటికి లేరు.

వియన్నా నగరపు పారిశ్రామికుల కోరికపై హేబర్ 1904లో ఈ పనికి పూనుకొన్నాడు. వాన్ ఊర్ట్ అనే సహచరునితో కలిసి సుమారు 1000 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత వద్ద, సాధారణ పీడనంలో, కాలుతున్న ఇనుముపైగా వాయువులను పంపి చూశాడు. నత్రజని, ఉదజనుల నుండి అమ్మోనియా ఏర్పడే వైపునుండీ, అమ్మోనియా విడిపోయే వైపునుండీ సమతాస్థితిని సమీపించాడు. తేలిన అమ్మోనియా అత్యల్పం. 0.005 శాతానికి, 0.012 శాతానికి నడుమ ఫలితాలు వచ్చాయి. అంటే లక్ష పాళ్ల వాయువులో 5 మొదలు 12 పాళ్లు మాత్రమే అమ్మోనియా. హేబర్ పెద్ద సంఖ్యవైపే మొగ్గాడు. ఇంత స్వల్ప ఫలితంతో పరిశ్రమ నడవదని భావించి ఆ ప్రయత్నం విరమించాడు. వాయుచర్యల ఉష్ణగతిక శాస్త్రంపై 1905లో ఆయన ప్రకటించిన గ్రంథం మాత్రం పండితుల మన్నన పొందింది.

కథ అంతటితో ముగియవలసినది. కాని ఒక చిన్న సంఖ్య దానిని మలుపు త్రిప్పింది. బెర్లిన్‌లోని వాల్టర్ నెర్న్‌స్ట్ 1906లో తన ఉష్ణ సిద్ధాంతాన్ని ప్రకటించాడు. ప్రయోగం చేయకుండానే సమతాస్థితిని లెక్కకట్టే మార్గం అందులో ఉంది. ఆ లెక్క ప్రకారం 1000 డిగ్రీల వద్ద ఉండవలసిన అమ్మోనియా హేబర్ చెప్పినదానిలో సగం కూడా లేదు. సిద్ధాంతం తప్పా, కొలత తప్పా అన్న ప్రశ్న బయలుదేరింది. 1907లో హాంబర్గు నగరంలో జరిగిన బున్‌సెన్ సంఘ సభలో, పండితులందరి ఎదుట, నెర్న్‌స్ట్ హేబర్ ఫలితాలు దోషభూయిష్టమని విమర్శించాడు.

ఆ అవమానం హేబర్‌ను తీవ్రంగా కలచివేసింది. అయితే ఆయన వాదానికి ప్రతివాదం చెప్పి ఊరుకోలేదు. మళ్లీ కొలతకు పూనుకొన్నాడు. జెర్సీ ద్వీపానికి చెందిన యువ శాస్త్రవేత్త రాబర్ట్ లె రొసిన్యోల్ ఆయనకు కుడిభుజమయ్యాడు. నూతన ప్రయోగాలలో తేలిన విలువ సుమారు 0.0048 శాతం. నెర్న్‌స్ట్ విమర్శలో నిజం ఉంది. హేబర్ మొదట మొగ్గిన సంఖ్య రెండున్నర రెట్లు ఎక్కువ. తన పొరపాటును తానే సరిదిద్దుకొన్న హేబర్ అంతటితో ఆగక పీడనాన్ని 30 అట్మాస్ఫియర్లకు పెంచి కొలిచాడు. ఇందులో ఒక యుక్తి ఉంది. అమ్మోనియా అత్యల్పంగా ఉన్నప్పుడు, పీడనం 30 రెట్లయితే దాని వాటా కూడా సుమారు 30 రెట్లవుతుంది. లక్షలో 5 పాళ్లు కొలవడం కంటే లక్షలో 150 పాళ్లు కొలవడం సులభం. దోషానికి తావు తక్కువ.

ఆ కొలతలే హేబర్‌కు కొత్త దారి చూపాయి. నాలుగు పాళ్ల వాయువు చర్య పొంది రెండు పాళ్ల అమ్మోనియా అవుతుంది. కనుక పీడనం పెంచితే సమతాస్థితి అమ్మోనియా వైపు జరుగుతుంది. ఆ చర్యలో వేడి వెలువడుతుంది. కనుక ఉష్ణోగ్రత తగ్గించినా అమ్మోనియా పెరుగుతుంది. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లె షాట్‌లియే చెప్పిన సూత్రం ఇదే. కాని ఉష్ణోగ్రత మరీ తగ్గితే చర్య నత్తనడక నడుస్తుంది. 600 డిగ్రీల వద్ద సాధారణ పీడనంలో అమ్మోనియా 0.05 శాతమే, 200 అట్మాస్ఫియర్ల పీడనంలో అది సుమారు 8 శాతం. ఎనిమిది శాతమంటే, మన లెక్క ప్రకారం, నత్రజనిలో ఏడింట ఒక వంతు మాత్రమే చర్య పొందినట్లు. మిగిలినది వ్యర్థమేనా? హేబర్ ఇచట చక్కని ఉపాయం కనుగొన్నాడు. వెలువడిన వాయువును చల్లార్చితే అమ్మోనియా ద్రవమై వేరుపడుతుంది. మిగిలిన వాయువులను మరల అదే గదిలోనికి పంపితే చర్య మరల సాగుతుంది. ఒక్క మారు లభించే ఫలం స్వల్పమైనా, అనేక పర్యాయాల ఆవృత్తితో అది అధికమవుతుంది. సమతాస్థితిని జయించడం సాధ్యం కాదు. దానిని తెలిసి నడుచుకోవడం సాధ్యం.

1909 జూలై 2న కార్ల్స్‌రూ ప్రయోగశాలకు బి.ఏ.ఎస్.ఎఫ్. సంస్థ ప్రతినిధులు వచ్చారు. వారిలో ఇంజనీరు కార్ల్ బోష్, రసాయనజ్ఞుడు ఆల్విన్ మిట్టాష్ ఉన్నారు. ముహూర్తానికి యంత్రం మొరాయించింది. అధిక పీడనానికి ఒక మర సడలింది. మరమ్మత్తుకు గంటలు పట్టడంతో బోష్ వెళ్లిపోయాడు. వేచియున్న మిట్టాష్ కన్నుల ఎదుట, ఆస్మియం అనే అరుదైన లోహం ఉత్ప్రేరకంగా, సుమారు 175 అట్మాస్ఫియర్ల పీడనంలో ద్రవ అమ్మోనియా బొట్లు బొట్లుగా జారింది. నిమిషానికి సుమారు రెండు ఘన సెంటీమీటర్లు. మన లెక్కలో అరచెంచాకు తక్కువ. లోకపు ఆకలి లెక్కను మార్చిన బొట్లు అవి.

ప్రయోగశాలలోని బల్లమీది యంత్రాన్ని కర్మాగారంగా మార్చిన ఘనత బోష్‌ది. ఆస్మియం లోకంలోనే కొద్దిగా ఉంది. కనుక మిట్టాష్ వేలకొలది ప్రయోగాలు చేసి, ఇతర పదార్థాలు స్వల్పంగా కలిపిన ఇనుమును ఉత్ప్రేరకంగా నిలిపాడు. వేడి ఉదజని ఉక్కును పెళుసుబార్చి గొట్టాలను పగులగొడుతూ ఉంటే, బోష్ లోపల మెత్తని ఇనుప పొరను అమర్చి ఆ ఆపదను తప్పించాడు. 1912లో హేబర్ ఆవిష్కరణపై మరొక సంస్థ లీప్‌జిగ్ న్యాయస్థానంలో వివాదం లేవదీసినప్పుడు, ఒకనాడు హేబర్‌ను నిండు సభలో విమర్శించిన నెర్న్‌స్ట్ ఆయన పక్షానే సాక్ష్యం చెప్పడం విశేషం. 1913 సెప్టెంబరులో ఓపౌ వద్ద తొలి కర్మాగారం ఉత్పత్తి ప్రారంభించింది. అప్పటికే హేబర్ బెర్లిన్ చేరి, 1911లో స్థాపితమైన కైజర్ విల్‌హెల్మ్ భౌతిక రసాయన సంస్థకు అధిపతి అయ్యాడు.

మరుసటి సంవత్సరం మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. చిలీ ఓడలు జర్మనీ చేరకుండా బ్రిటన్ అడ్డుకొంది. నైట్రేటు లేనిదే తుపాకి మందు లేదు. ఎరువుకై పుట్టిన అమ్మోనియా నైట్రిక్ ఆమ్లంగా, అచటినుండి పేలుడు పదార్థంగా మారింది. హేబర్ అంతటితో ఆగలేదు. యుద్ధాన్ని త్వరగా ముగించవచ్చునన్న తలంపుతో క్లోరిన్ వాయువును ఆయుధంగా వాడే ప్రణాళికను తానే ముందుండి నడిపాడు. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర్ వద్ద సుమారు 150 టన్నుల క్లోరిన్‌ను గాలివాటున శత్రుసేనపైకి వదిలారు. పసుపుపచ్చని ఆ మేఘం క్రమ్ముకొనగా ఫ్రెంచి, అల్జీరియా సైనికులు ఊపిరాడక కందకాలలో కూలిపోయారు. నాలుగు దినాల తరువాత అదే రణరంగంలోనికి అడుగిడిన లాహోర్ డివిజన్‌లోని భారతీయ సైనికులు కూడా ఆ విషవాయువును చవిచూశారు. వాయువుల గాఢతను అంత సూక్ష్మంగా కొలిచిన శాస్త్రవేత్తయే, ఎంత గాఢత గల విషాన్ని మనిషి ఎంతసేపు పీల్చితే మరణిస్తాడన్నదానికి కూడా ఒక సూత్రం కట్టాడు.

1915 మే 2న క్లారా తన ప్రాణం తానే తీసుకొంది. ఆ దుర్ఘటనకు కారణాలు ఇవేనని నిశ్చయించి చెప్పదగిన ఆమె వ్రాతలు లభించలేదు. పదమూడేండ్ల వయసు కూడా నిండని కుమారుడు హెర్మన్‌ను ఇంట వదలి హేబర్ వెనువెంటనే తూర్పు రణరంగానికి తరలివెళ్లాడు.

యుద్ధానంతరం, 1918వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతిని అమ్మోనియా సంశ్లేషణకుగాను హేబర్‌కు ప్రకటించారు. 1919లో వెలువడిన ఆ ప్రకటనపై పలు దేశాల శాస్త్రవేత్తలు నిరసన తెలిపారు. ఓడిన జర్మనీపై పడిన యుద్ధ పరిహారపు భారాన్ని తీర్చే ఆశతో హేబర్ సముద్రజలం నుండి బంగారం తీయాలని కొన్నేండ్లు శ్రమించాడు. నీటిలో బంగారపు గాఢత పూర్వులు చెప్పినదానికంటే ఎంతో తక్కువని తేలగా, మారు మాట లేకుండా ఆ యత్నం విరమించాడు. కొలత తనకు ప్రతికూలమైనా దానికి తలవంచడం ఆయనలోని శాస్త్రవేత్త గుణం.

1933లో హిట్లర్ అధికారంలోనికి వచ్చి, యూదులను ప్రభుత్వోద్యోగాల నుండి తొలగించే శాసనం చేశాడు. యుద్ధంలో సేవ చేసినందున హేబర్ తన పదవి నిలుపుకొనగలిగేవాడు. కాని తన సంస్థలోని యూదు సహచరులను వెళ్లగొట్టవలసి వచ్చేది. ఆయన అందుకు ఒప్పుకోక, ఏప్రిల్ 30న రాజీనామా సమర్పించాడు. ఏ దేశానికై ధర్మాధర్మాలను సైతం ప్రక్కకు నెట్టాడో ఆ దేశమే ఆయనను పరాయివానిగా ఎంచింది. ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం కొద్దికాలం ఆశ్రయమిచ్చింది. 1934 జనవరి 29న స్విట్జర్లాండులోని బాసెల్ నగరంలో, ప్రయాణం మధ్యలో, ఆయన గుండె ఆగిపోయింది. క్లారా చితాభస్మాన్ని తెచ్చి ఆయన సమాధిలోనే ఉంచారు. మరుసటి సంవత్సరం అదే దినాన మాక్స్ ప్లాంక్ ప్రభుత్వ నిషేధాన్ని లెక్కచేయక బెర్లిన్‌లో సంస్మరణ సభ జరిపాడు.

విధి వక్రతకు ఇంకొక నిదర్శనం ఉంది. హేబర్ సంస్థలో 1920ల ఆరంభంలో ధాన్యాన్ని తినే పురుగుల నాశనానికై రూపొందించిన మందు నుండే పుట్టిన జైక్లాన్-బి అనే విషాన్ని, ఆయన మరణానంతరం, నాజీలు యూదుల సామూహిక సంహారానికి వాడారు. హతులలో ఆయన బంధువులు కూడా ఉన్నారు.

నేడు ప్రపంచంలో ఏటా సుమారు 18 కోట్ల టన్నుల అమ్మోనియా తయారవుతోంది. అందులో అధికభాగం ఎరువులకే. మానవాళిలో సుమారు సగంమంది తినే అన్నం వెనుక ఈ పద్ధతి ఉంది. 1999లో మూతపడి, 2021లో తిరిగి ఉత్పత్తి ప్రారంభించిన మన రామగుండం ఎరువుల కర్మాగారంలోనూ సాగేది ఈ చర్యయే. అదే సమయంలో మోతాదు మించిన ఎరువు వాగులను, చెరువులను కలుషితం చేస్తోంది. అమ్మోనియా తయారీకి ప్రపంచ ఇంధనంలో సుమారు ఒకటి, రెండు శాతం ఖర్చవుతోంది.

క్షీరసాగరాన్ని మథించినప్పుడు అమృతమూ, హాలాహలమూ రెండూ పుట్టాయని మన పురాణాలు చెబుతాయి. ఆ కథలో విషాన్ని కంఠాన నిలిపి లోకాన్ని కాచిన దేవుడు ఒకడున్నాడు. హేబర్ కథలో ఆ బాధ్యత ఎవరూ వహించలేదు. రసాయన సమీకరణం ఎంత అమ్మోనియా వస్తుందో చెబుతుంది. దానితో ఏమి చేయాలో చెప్పదు. ఆ రెండవ ప్రశ్నకు సమాధానం వెదకవలసినవారు ఆ లెక్క కట్టినవారే. రేపు మీరు మీ రసాయనశాస్త్ర పుస్తకంలో ఈ సమీకరణాన్ని వ్రాసి, ఎక్స్ విలువ కనుగొనేటప్పుడు, ఆ అక్షరం వెనుక ఉన్న పచ్చని పైరును, ఈప్ర్ కందకాలను కూడ ఒక క్షణం తలచుకోండి.